తొమ్మిది పొయ్యిల అన్నం

పోయిన ఆదివారం స్ఫూర్తి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా తెలుగు సంఘంలో ఇప్పుడు పనులన్నీ నడిపే పిల్ల. చేతిలో ఐప్యాడ్, కళ్లలో భక్తి. ఊరికి ఉత్తరాన కొండల్లో మళ్లీ మంటలు లేచి నాలుగు తెలుగు కుటుంబాల ఇళ్లు పోయాయి. "అంకుల్, తొమ్మిది పొయ్యిల ఆచారం ఇక్కడ మీతోనే స్టార్ట్ అయిందట కదా. ప్రొసీజర్ కరెక్ట్‌గా చెప్పండి, డాక్యుమెంట్ చేసి అందరికీ షేర్ చేస్తాను. ఇది వేదకాలం నాటిదా, ఇంకా ముందుదా?" అంది. కాఫీ తెస్తున్న మా ఆవిడ రాజ్యలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పెదవులు బిగించే తీరు నాకు నలభై ఏళ్లుగా తెలుసు. నేను కళ్లజోడు తుడుచుకుని, "వేదానికి ముందుదని చెప్పడానికి ఆధారాలు లేవమ్మా" అన్నాను. అబద్ధం కాదు కదా! ఆ పిల్ల అది కూడా రాసుకుంది. అప్పుడు నాకు భయం వేసింది. నేను పోయేలోపు ఇది గ్రంథాలకెక్కేలా ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యమధ్యలో కొంత పెంచుతాను, అది నా ఒంట్లో ఉన్న జబ్బు. పెంచిన చోట నేనే దించుతాను, కంగారు పడకండి.

నేను అమెరికా వచ్చేనాటికి నాకు నలభై మూడేళ్లు. నన్నే కావాలని ప్రత్యేకంగా పిలిపించారని మా వాళ్లందరికీ చెప్పాను. నిజానికి ఒక కన్సల్టింగ్ కంపెనీ ఒకేసారి ఆరుగురిని దింపింది. ఆరోవాణ్ణి నేను. తూర్పు తీరాన పార్సిప్పనీలో మంచులో జారిపడుతూ ఏడాదిన్నర గడిపి, ప్రాజెక్టు పోయాక శాన్ డియేగో చేరాను. నడివయసులో కొత్త దేశం వచ్చినవాడికి ఇంకో బాల్యం వస్తుంది. కారు నడపడం రాదు, చెక్కు రాయడం రాదు, లాండ్రీ మిషన్‌లో ఏ అరలో సబ్బు పొయ్యాలో తెలియదు. అడుగడుగునా ఎవరో వేలు అందించాలి. నా చిన్నతనం అని ఎవరైనా అడిగితే నాకు గోదావరి జిల్లా కంటే ముందు ఆ సంవత్సరాలే గుర్తొస్తాయి. ఆ చిన్నతనంలో నాకు వేలు అందించినవాడు రంగారావు గారు.

ఆయన నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. అనంతపురం మనిషి. ఎప్పుడో వచ్చి, విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్లోకి ఏ తెలుగువాడు దిగినా ఆయన పాత బూడిదరంగు వ్యాన్ ఎక్కాల్సిందే, మొదటి వారం ఆయన ఇంట్లో ఉండాల్సిందే. ఆ ఇంటి గరాజ్ తలుపు లేవగానే ఇంగువ వాసన, మాగాయ జాడీల వాసన, వెనక కొండ మీంచి యూకలిప్టస్ ఆకుల వాసన మూడూ కలిసి మొహాన కొట్టేవి. ఆదివారం పొద్దున్న ఆయన భార్య విమల గారు పెసరట్లు వేస్తుంటే, యూనివర్సిటీ పిల్లలూ నాలాంటి ముదురు కన్సల్టెంట్లూ ప్లేట్లు పట్టుకుని కౌంటర్ చుట్టూ నిలబడేవాళ్లం. ఎవరు ఎన్ని తిన్నారో ఆవిడకి గుర్తుండేది. తక్కువ తిన్నవాడికి చీవాట్లు. రంగారావు గారు డ్రైవింగ్ నేర్పే పద్ధతి మరీ దారుణం. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి డ్యాష్‌బోర్డు మీద పెట్టేవాడు. "తొణికిందా, మళ్లీ మొదటికి రా" అనేవాడు. నేను ఒక్క చుక్క తొణక్కుండా నేర్చుకున్నానని చెప్పుకుంటూ ఉంటాను. నా ప్యాంటు తడవని ఆదివారం లేదు. లైసెన్సు నాలుగోసారికి వచ్చింది.

ఇంతమందికి పెట్టిన మనిషి ఎవరింటికి వచ్చినా మంచినీళ్లు తప్ప ముట్టేవాడు కాదు. "మేం తినే వచ్చామయ్యా" అనేది ఆయన ఊతపదం. పెళ్లిరోజుకి ఎవరైనా పువ్వులు తెస్తే మర్నాటికి వాళ్లింటికి రెండింతల పండ్లు చేరేవి. ఆయన చెయ్యి బోర్లా ఉండటమే తప్ప వెల్లకిలా తిరగడం మేమెవరం చూడలేదు. ఇది ఆయన గొప్పతనమనే అప్పట్లో అనుకునేవాళ్లం.

నాకు లైసెన్సు వచ్చిన మరుసటి ఏడాది అక్టోబరులో ఎడారి వైపు నుంచి గాలి లేచింది. ఆ గాలి వస్తే చెట్టు మీద ఆకులు కాగితాల్లా గలగలలాడతాయి, తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొడుతుంది. రెండు రోజుల్లో ఊరి చుట్టూ కొండలు అంటుకున్నాయి. మంటల్లోంచి కారు నడిపి రంగారావు గారి దంపతులను బయటికి తెచ్చింది నేనేనని చాలా సభల్లో చెప్పాను. ఒక సభలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దించుతున్నాను: మేం పదకొండు మైళ్ల దూరంలో, మా అపార్ట్‌మెంట్ సోఫాలో, టీవీ ముందు ఉన్నాం. కారు మీద బూడిద పడితే పక్కింటివాడు బార్బెక్యూ పెట్టాడని విసుక్కున్నాను కూడా. వాళ్లను బయటికి తెచ్చింది పోలీసు మైకు. పది నిమిషాలు టైమిచ్చారట. రంగారావు గారు పాత ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాల పెట్టె పట్టుకున్నాడు. విమల గారు అప్పుడే తోడుపెట్టిన పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. "తోడుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు మూర్తి గారూ, వదలబుద్ధి కాలేదు" అంది తర్వాత. పెరుగు బాగానే తోడుకుందట. ఇంట్లో మాత్రం పొగగొట్టం ఒక్కటే మిగిలింది.

ఊరు ఊరంతా లేచి నిలబడింది, ఆ ఉత్సాహం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది! స్కూళ్లు మూసేశారు, ఆఫీసులు మూసేశారు, ఎవడికీ పని లేదు, అందరికీ పనే. స్టేడియంలో తలదాచుకున్నవాళ్లకి దుప్పట్లు మోసేవాళ్లు మోస్తున్నారు. ఫైరింజన్ కనిపిస్తే పిల్లలు రోడ్డు పక్కన నిలబడి అట్టముక్కల మీద థాంక్యూ రాసి ఊపుతున్నారు. మా సంఘం దీపావళి కార్యక్రమం కోసం కొన్న బియ్యం బస్తాలన్నీ బయటికి తీశాం. అందరం రంగారావు గారు గది తీసుకున్న మోటెల్‌కి పరుగెత్తాం. మా ఇంట్లో ఉండండంటే మా ఇంట్లో ఉండండని. ఆయన తలుపు సగం తీసి, "మేం బాగున్నామయ్యా. లేనివాళ్లకి పెట్టండి" అని అందర్నీ తిప్పి పంపాడు. బట్టలు తెస్తే తీసుకోలేదు. బయటపడినప్పటి గళ్ల చొక్కాలోనే ఉన్నాడు.

నాలుగోనాడు విమల గారు స్నానాల గదిలోంచి మా ఆవిడకి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి చెప్పిందట. ఆయన రెండు ముక్కలు బ్రెడ్డు తప్ప తినడం లేదు, షుగరు మాత్రలు మాత్రం మానడం లేదు, నిన్న లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. అంతకంటే పెద్దమాట ఇంకోటి. ఎక్కడో వేరే రాష్ట్రంలో, అరోరాలో ఉన్న తమ్ముడితో మాట్లాడేశాడు. స్థలం అమ్మేసి నెలాఖరుకల్లా అక్కడికి వెళ్లిపోవడమే. "ఈ ఊళ్లో అందరూ జాలిగా చూసే మొహం పెట్టుకుని ఉండలేను" అన్నాడట. ఆవిడ అంది, "రాజ్యం, అక్కడ నేను ఎవరికి పెసరట్లు వెయ్యను?"

మేం క్యారియర్ పట్టుకుని వెళ్లాం. గదిలో కిటికీలు మూసేసినా పొగవాసన. బల్ల మీద బ్రెడ్డు ప్యాకెట్టు, కాఫీ మిషన్, ట్యాక్స్ కాగితాల పెట్టె.

"ఏమిటయ్యా అది?" అన్నాడాయన.

"ముద్దపప్పు, దప్పళం, అప్పడాలు" అంది మా ఆవిడ.

"అయ్యో, ఇప్పుడే తిని కూర్చున్నామమ్మా."

విమల గారు క్యారియర్ వంక చూసి, గబుక్కున గోడవైపు తిరిగింది. నాకు చిర్రెత్తింది. "మీకోసం కాదండీ తెచ్చింది. మా ఇంటికోసం" అన్నాను.

"మీ ఇంటికేమైంది?"

ఏమైందో నాకూ తెలియదు. నోరు ముందు బయల్దేరింది, బుర్ర వెనకాల పరుగెత్తింది. "మా తాతగారు ఘనాపాఠి కదండీ, ఆయన చెప్పేవారు. ఒక ఇల్లు తిన్న అగ్నిహోత్రుడు అంతటితో ఊరుకోడట. ఆ ఇంటివాళ్లకి కావలసినవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వస్తాడట. ఇల్లు పోయిన యజమాని తొమ్మిది రోజులు తొమ్మిది పొయ్యిల మీద వండిన అన్నం తింటేనే శాంతిస్తాడట. మీరేమో తినరు. రేపు మా అపార్ట్‌మెంట్‌కి ఏదన్నా అయితే?"

"మా వైపు ఇట్లాంటిది వినలేదే!"

"మీది అనంతపురం కదండీ. మీరు వానకోసం శాంతులు చేస్తారు, మేం నిప్పుకి చేస్తాం. పూరిళ్ల ప్రాంతం మాది."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. లైసెన్సు పరీక్షలో కూడా నేను అంత నిటారుగా కూర్చోలేదు.

"మీ ఇంటికోసమేనా?"

"మా ఇంటికోసమే."

"అయితే పెట్టు" అన్నాడు.

మా ఆవిడ వడ్డిస్తుంటే విమల గారు చేతులు కడుక్కోవడానికని వెళ్లి ఎంతకీ రాలేదు. కుళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కారెక్కి తలుపు వేశానో లేదో రాజ్యం మొదలుపెట్టింది. "మీ తాతగారు ఘనాపాఠీనా? పెద్దాపురం పోస్టాఫీసులో స్టాంపులమ్మేవారు కదండీ!"

"స్టాంపుల మీద దేవుళ్ల బొమ్మలు ఉండేవే."

"పోనీ, మూడు పొయ్యిలంటే సరిపోయేది కదా! ఈ పొగలో తొమ్మిది ఇళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అది నిజంగా నా తప్పే. శాంతి అనగానే నవగ్రహాలు గుర్తొచ్చి తొమ్మిది అనేశాను. మాకు తెలిసినవాళ్లలో సగంమంది ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే మాదీ కలుపుకుని ఎనిమిది పొయ్యిలు తేలాయి. అందులో ఒకటి నరేశ్ అనే వరంగల్ కుర్రాడిదీ అతని రూమ్మేట్లదీ. వాడు ఫోన్లో, "అంకుల్, మాది కరెంట్ పొయ్యి. రైస్ కుక్కర్ల వండితే నడుస్తదా?" అన్నాడు.

"నడుస్తుంది. ఎర్రలైటు వెలుగుతుంది కదా, అదే అగ్ని."

"మరి మైక్రోవేవ్?"

"కుదరదు. అందులో అగ్ని కంటికి కనపడదు."

ఇలా రోజూ తీర్పులు చెప్పాను. మజా వచ్చేసిందంటే నమ్మండి! నాకు తెలియని శాస్త్రం లేకుండా పోయింది. ఉల్లి పనికొస్తుందా అంటే పనికొస్తుంది, పప్పులో పోపు వెయ్యకపోతే దోషమా అంటే దోషం. ఒక ఇంటివాళ్లు ఇది ఏ శాస్త్రంలో ఉందని తిరిగి ఫోన్ చేశారు కానీ, అప్పటికి నేను పేరంటాలకి కూడా ముహూర్తాలు పెట్టే స్థితికి వెళ్లిపోయాను. రంగారావు గారు మాత్రం నోరెత్తకుండా తిన్నాడు. అయితే గిన్నె ఖాళీగా తిప్పి పంపడం మన ఇళ్లలో లేదు కదా. ఆ గదిలో ఏముంది పెట్టడానికి? మర్నాడు మా క్యారియర్ వచ్చింది, ప్రతి గిన్నెలోనూ కాఫీలో వేసుకునే పంచదార పొట్లాలు రెండేసి. అందరికీ అంతే. అయిదో రోజుకి మోటెల్ వాళ్ల పంచదార నిండుకుని, నరేశ్ గిన్నెలో ఉప్పు, మిరియాల పొట్లాలు వచ్చాయి. రాజ్యం ఆ రెండు పొట్లాలు చేతిలో పెట్టుకుని, కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చింది. నేను వేళాకోళం చెయ్యబోయి మానేశాను.

తొమ్మిదో పొయ్యి దొరకలేదు. అబద్ధం చెప్పినవాడికి ఇంతకంటే శిక్ష ఉండదు. ఎనిమిది దగ్గర ఆగితే ఆయన, "చూశావా, పూర్తికాలేదు" అని పెట్టె సర్దుకునేలా ఉన్నాడు. అప్పుడు హెలెన్ ఫోన్ చేసింది. రంగారావు గారి పక్కింటి ముసలావిడ. ఎనభై ఏళ్లు, నేవీలో పనిచేసిన భర్త పోయాక ఒంటరిగా ఉంటుంది. ఆ వీధిలో పదకొండు ఇళ్లు కాలి, ఆవిడది ఒక్కటే పూలకుండీలతో సహా నిలబడింది. ఎందుకు నిలబడిందో ఎవరికీ తెలియదు. నా పేరు ఆవిడ నోట్లో మర్తీ అవుతుంది. "మర్తీ, మీవాళ్లది ఏదో తొమ్మిది ఇళ్ల పద్ధతట. నేను లెక్కకి వస్తానా? బయటికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది, నా ఇల్లు ఉన్నందుకు" అంది. వస్తావన్నాను. మాంసం తగలకూడదన్నాను. పొయ్యి మీదే వండాలని కూడా చెప్పి పాపం మూటగట్టుకున్నాను. ఆవిడ ఆరేళ్లుగా మైక్రోవేవ్ తప్ప వాడలేదని నాకేం తెలుసు?

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రంగారావు గారు తన వీధికి మొదటిసారి తిరిగి వచ్చాడు. గిన్నె మోటెల్‌కి తెప్పించుకుందామంటే, "పెద్దావిడ, మోసుకొస్తుందా, మనమే వెళదాం" అన్నాడు. హెలెన్ వాకిట్లో బల్ల వేసి కూర్చుంది. చీజ్ వేసి వండిన మాకరోనీ, అడుగంటిన వాసన వీధి మొదట్లోకే వచ్చింది. ఆ రోజుల్లో ఆ వీధిలో మాడు వాసనకి ఎవరూ తల తిప్పరు, కానీ ఆ వాసనకి తిప్పారు. చుట్టూ తమ తమ బూడిదల్లో ముక్కుకి గుడ్డలు కట్టుకుని, జల్లెడలు పట్టి ఉంగరాలూ చెంచాలూ వెతుక్కుంటున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. హెలెన్ వాళ్లందరినీ పిలిచింది. మా ఎనిమిది ఇళ్లవాళ్లకి నేను ఫోన్లు చేశాను. గంటలో పులిహోర వచ్చింది, పెరుగన్నం వచ్చింది, ఎవరో పిజ్జాలు తెచ్చారు, మరెవరో ట్రక్కులో కుర్చీలు దింపారు. మూడు వేల మంది తిన్నారని నేను చెబుతుంటాను. నూట పది మంది ఉంటారు, నాలుగు కుక్కలు. పేపర్లో మొదటి పేజీలో వేశారని కూడా చెబుతుంటాను. వేశారు. పదహారో పేజీలో, పరుపుల ప్రకటన కింద.

రంగారావు గారు కాగితపు ప్లేటులో మాకరోనీ తిన్నాడు. మాడిన చెక్కుతో సహా తిన్నాడు. హెలెన్ చేతులు నలుపుకుంటూ, "బాగాలేదు, నాకు తెలుసు" అంది. ఆయన చుట్టూ చూశాడు. బూడిద మొహాలతో డాక్టరు తింటున్నాడు, ప్లంబరు తింటున్నాడు, బ్యాంకు మేనేజరు కుర్చీ దొరక్క పేవ్‌మెంట్ మీద కూర్చుని తింటున్నాడు. ఎవరూ ఎవర్నీ జాలిగా చూడడం లేదు, అందరికీ ఆకలిగా ఉంది. ఆయన తన ప్లేటు చాపి ఇంగ్లీషులో హెలెన్‌తో, "ఇంకొంచెం పెట్టండి" అన్నాడు.

విమల గారు చప్పున నా మోచెయ్యి పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట తన దగ్గర తప్ప వినలేదట. సాయంత్రం ఆయనే అరోరాకి ఫోన్ చేసి, ఇప్పుడు రావడం లేదని చెప్పాడు.

ఇప్పటి పద్ధతులు చూస్తే నాకు ముచ్చటే. స్ఫూర్తి ఒక లింక్ పంపిస్తే ఇరవై నిమిషాల్లో నెలకి సరిపడా భోజనాల జాబితా నిండిపోతుంది. ఎవరికి పల్లీలు పడవు, ఎవరికి గోధుమ పడదు, అంతా అందులోనే. మాకు ఎనిమిది పొయ్యిలు వెతకడానికి రెండు రోజులు పట్టింది. సగం కూరల్లో ఉప్పెక్కువ. ఇప్పటివాళ్లు మాకంటే సమర్థులు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ లింక్‌లో "అవసరమైనవారు ఇక్కడ నొక్కండి" అని ఉంటుంది. రంగారావు గారిలాంటివాడు అది నొక్కడు. నొక్కనివాళ్ల కోసం ఏం చేస్తారని అడిగితే ఆ పిల్ల, "అందుకే కదా అంకుల్ ఆచారం ఉంది" అంది.

ఏడాదిన్నర తర్వాత అదే స్థలంలో కొత్త ఇల్లు లేచింది. రంగారావు గారు ఫోన్ చేసి, "మూర్తీ, ఆదివారం తొమ్మిదిళ్లవాళ్లూ రావాలి. తినకుండా రండి" అన్నాడు. వెళ్లాం. రంగు వాసన ఇంకా పోలేదు, ఇంగువ వాసన ఇంకా పట్టలేదు. హెలెన్‌ని ముందు కూర్చోబెట్టారు. నరేశ్ ఉద్యోగంలో చేరి టై కట్టుకుని వచ్చాడు. విస్తరాకులు ఎక్కడ సంపాదించారో గానీ నిజం విస్తరాకులే. అందరం కూర్చున్నాక రంగారావు గారు గరిటె పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"మన మూర్తి అప్పుడు తొమ్మిది రోజుల సంగతే చెప్పాడు. పదో భోజనం సంగతి చెప్పడం మరిచిపోయాడు. మా నాయనమ్మ చెప్పేది. ఇల్లు మళ్లీ లేచాక, తిన్నవాడు తన కొత్త పొయ్యి మీద వండించి, పెట్టిన తొమ్మిదిళ్లకీ తన చేత్తో వడ్డించాలి. అప్పటికి గానీ ఆ శాంతి పూర్తికాదు" అన్నాడు.

ఇట్లాంటిది తమ వైపు వినలేదన్న మనిషి! నేను తలెత్తి చూశాను. ఆయన మొహంలో ఒక్క గీత కదలలేదు. తొమ్మిదిళ్లవాళ్లూ నా వైపు తిరిగారు. రాజ్యం విస్తరిలోకి తల దించేసుకుంది, భుజాలు ఊగుతున్నాయి.

"ఉందా లేదా చెప్పవయ్యా, శాస్త్రం తెలిసినవాడివి" అన్నాడాయన.

పుట్టి బుద్ధెరిగాక ఇంకొకడి అబద్ధానికి సాక్ష్యం చెప్పవలసి రావడం అదే మొదలు. "ఉందండీ. నేనే మరిచిపోయాను" అన్నాను.

"మరి ఒక్కొక్కరికి ఎంత వడ్డించాలని ఉంది?"

"అది మా వైపు ఎక్కడా రాసి లేదండీ. మీ నాయనమ్మగారు ఏమనేవారు?"

"చాలు అన్నాక ఇంకో గరిటె" అన్నాడు రంగారావు గారు, వంగి నా విస్తట్లో అన్నం వేస్తూ. నేను చాలు చాలు అన్నాను. ఆయన ఇంకో గరిటె వేశాడు.